నారు పోయమన్నవాళ్లు నీరు పోస్తారా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంకొకరిని కనండని మన పెద్దలు సభల్లో చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. అయితే దీని మీద మాట వచ్చినప్పుడల్లా మా పాతకాలపు కామ్రేడ్లు కొందరు, "సోషలిస్టు దేశాల్లో పిల్లల్ని సర్కారే పెంచేది, అక్కడీ బాధే లేదు" అంటుంటారు. మా నాన్నగారూ పార్టీ మనిషే. 'సోవియట్ భూమి' పత్రికలో బూరెబుగ్గల పిల్లల ఫొటోలు చూస్తూ పెరిగినదాన్ని నేను. అయినా ఆ మాట ఒప్పుకోలేను.

సోషలిస్టు దేశమైన రుమేనియాలో 1957 నుంచీ గర్భస్రావానికి చట్టం అనుమతి ఉండేది. జననాలు తగ్గాయని 1966లో ఆ దేశపు కమ్యూనిస్టు నేత చౌషెస్కు 770వ నంబరు డిక్రీ (సర్కారు ఉత్తర్వు)తో దాన్ని నిషేధించాడు. నలుగుర్ని కన్నవాళ్లకో, 45 ఏళ్లు దాటినవాళ్లకో, మరికొద్దిమందికో తప్ప మినహాయింపు లేదు. పాతికేళ్లు దాటినా పిల్లలు లేకుంటే పన్ను. ఫలితం వెంటనే కనిపించింది: 1966లో పుట్టినవాళ్లు సుమారు 2.7 లక్షలైతే, మరుసటేడు 5.2 లక్షలు దాటారు. ఆ తర్వాత ఆడవాళ్లు చాటుమాటు దారులు వెతుక్కున్నారు. జననాల రేటు మళ్లీ జారింది. దొంగచాటు గర్భస్రావాలకు వేలమంది బలయ్యారు. 1989 డిసెంబరులో చౌషెస్కు పతనమయ్యాక కొత్త ప్రభుత్వం మొట్టమొదట రద్దు చేసిన వాటిలో ఈ డిక్రీ ఒకటి. కన్నవాళ్లు పెంచలేక వదిలేసిన పిల్లలుండే అనాథ శరణాలయాల తలుపులు తెరిస్తే, ఇనప మంచాల్లో ఎత్తుకునే దిక్కులేక ముందుకీ వెనక్కీ ఊగుతున్న పసివాళ్లు. నారు పోసినవాడు నీరు పోయడా అంటాం కదా. పోయలేదు.

తూర్పు జర్మనీ కథ వేరు, అది మెచ్చుకోవాల్సిందే. అక్కడ 1972లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేశారు. 1976 నుంచి రెండో కాన్పుకు, 1986 నుంచి తొలి కాన్పుకూ ఏడాదిపాటు జీతంతో సెలవు. పెళ్లికి 5,000 మార్కుల అప్పిచ్చి, బిడ్డ బిడ్డకీ కొంత మాఫీ చేస్తూ మూడో బిడ్డతో మొత్తం కొట్టేసేవారు. చివరికొచ్చేసరికి మూడేళ్లలోపు పిల్లల్లో నూటికి 80 మంది దాకా శిశుసంరక్షణ కేంద్రాల్లో (క్రెష్‌లలో) ఉండేవారు. ఒకే బల్ల మీద వరసగా దొడ్డికి కూర్చునే కుండీల మీద కూర్చుని, అందరికీ అయ్యేదాకా లేవకుండా ఎదురుచూసేవారట! అది నాకు నచ్చలేదు, కానీ తల్లి నిశ్చింతగా పనికి వెళ్లేది. స్త్రీకి సగటున 1.5కి పడిన సంతానం 1980 నాటికి 1.9కి లేచింది. అంతకు మించి లేవలేదు. ఇంటి చాకిరీకని నెలకో రోజు సెలవిచ్చారు, అదీ దాదాపు ఆడవాళ్లకే. బిడ్డను సర్కారు పంచుకుంది కానీ అంట్లు మగవాడు పంచుకోలేదు.

ఇక మా ఇంటి సంగతి. మనవడికి మూడేళ్లొచ్చేదాకా హైదరాబాద్‌లో నేనే వాడి క్రెష్‌ని. తెనాలిలో మావారికి క్యారేజీ భోజనం. యాభైమంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో చట్టం వచ్చింది. మా కోడలి ఆఫీసులోనూ గది ఉంది. తలుపు మీద బాతు బొమ్మ, లోపల పాడైన ప్రింటర్లు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు రెండోవాడి మాటెత్తాను. "అత్తయ్యగారూ, మీరు మళ్లీ మూడేళ్లొచ్చి ఉంటారా?" అంది. నాకిప్పుడు 68. మోకాళ్లు రెండూ అరిగాయి. జవాబు చెప్పలేదు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి