దింపు మావయ్య కాలికి ఇంక సూది వేయకండి

అమ్మాన్, జోర్డాన్
2019 జనవరి 18, శుక్రవారం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు, అమ్మ, మామ్మ, తమ్ముడు క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అమ్మ అంటుంది. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడిన సగానికి "ఆయ్, సరేనమ్మా" అనేసి పెట్టేస్తారు. ఈసారి చెప్పాల్సింది అలా తేలేది కాదు. మా వార్డు ఫిజియోథెరపిస్టు కేరళ అబ్బాయి, ఎల్లుండి సెలవు మీద ఇంటికి వెళ్తున్నాడు. కొచ్చిలో పోస్టు చేస్తానన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి మీరు చదువుకోండి, అమ్మకి వినపడేలా ఇంకోసారి చదవండి. రెండోసారి చదివేటప్పుడు జీతం సంగతి వదిలేయండి.

శుక్రవారం కాబట్టి ఇవాళ సెలవు. చలి మామూలుగా లేదు. రెండు స్వెట్టర్లు వేసుకుని, హీటరు పక్కన కూర్చుని రాస్తున్నాను. తమ్ముడు పంపిన ప్రభల తీర్థం వీడియో ఎన్నిసార్లు చూశానో. గంగలకుర్రు ప్రభని భుజాల మీద కౌశిక కాలువ దాటిస్తుంటే మిగతా నర్సులందరూ నా ఫోను చుట్టూ మూగారు. "అంత బరువు మోస్తూ నీళ్ళలోకి దిగడమెందుకు, వంతెన లేదా?" అని సిరియా అమ్మాయి అడిగింది. ఏం చెప్పమంటారు! పోయిన నెల పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటిందని తెలిసిన రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. చేసిన పనే రెండుసార్లు చేశాను. తడిసిన ధాన్యం ఎంతకి పోయిందో తమ్ముడు చెప్పనే లేదు.

చెప్పింది ఇంకొకటి. కొబ్బరికాయలు దింపే మన దింపు మావయ్య కాలు మళ్ళీ చీము పట్టిందని, మీరు రోజూ వెళ్ళి కట్టు మార్చి సూది వేసి వస్తున్నారని. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా లేదు. దాని దగ్గరికే వస్తాను. కానీ ముందు ఇక్కడి సంగతి చెప్పాలి. లేకపోతే "నాలుగు నెలల్లో పెద్ద డాక్టరమ్మ అయిపోయింది" అంటారు మీరు.

వచ్చేముందు మీరడిగారు గుర్తుందా, "ఊరికే వైద్యం చేస్తే వాళ్ళకి డబ్బెక్కడిది, మతం పుచ్చుకోమంటారా ఏమన్నానా?" అని. అలాంటిదేం లేదు. 'సరిహద్దులు లేని డాక్టర్లు' అనే ఈ సంస్థని 1971లో పారిస్‌లో కొంతమంది డాక్టర్లు, విలేకరులు కలిసి పెట్టారు. నైజీరియాలో బయాఫ్రా యుద్ధం చూసి వచ్చినవాళ్ళు కొందరున్నారు అందులో. 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. డబ్బు చాలావరకు మామూలు జనం పంపే చందాలే. 2016లో యూరప్ దేశాలు శరణార్థులని రానివ్వకుండా చేసిన ఒప్పందం నచ్చక, వాళ్ళ ప్రభుత్వాల డబ్బు మాకొద్దనేశారు. వచ్చే డబ్బు వద్దనడం అమ్మకి అస్సలు నచ్చదని తెలుసు. కువైట్‌లో నాకొచ్చిన దాంట్లో ఇక్కడ సగం కూడా రాదు (ఇదే ఆ వదిలేయాల్సిన ముక్క).

ఈ ఆసుపత్రి 2006లో మొదలైంది, ఇరాక్‌లో గాయపడినవాళ్ళ కోసం. తర్వాత సిరియా వాళ్ళు, యెమెన్ వాళ్ళు, గాజా నుంచి కాళ్ళలో తూటాలు దిగినవాళ్ళు. ఇక్కడికి అప్పుడే దెబ్బ తగిలినవాళ్ళు రారు. దెబ్బ తగిలి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచి, అతుక్కోని ఎముకతోనో కాలిపోయి బిగుసుకున్న మెడతోనో వస్తారు. విమానం టిక్కెట్టు, తోడు వచ్చినవాళ్ళ బస, భోజనం, ఆపరేషన్లు, కసరత్తులు, పిల్లలకి చదువు, అన్నీ ఇక్కడే. పోయిన చేతికి త్రీడీ ప్రింటరు మీద కొత్త చెయ్యి చేస్తారు. మొహం కాలినవాళ్ళకి మచ్చ పొంగకుండా, గాజులా అవతలికి కనపడే మాస్కు అదే పద్ధతిలో చేస్తారు. చూస్తే మీరు అక్కడే కుర్చీ వేసుకు కూర్చుంటారు.

అలాగని అందరినీ తీసుకోరు. ఫైళ్ళు చూసి, ఆపరేషనుతో పని జరిగేలా ఉంటేనే రమ్మంటారు. కుదరదన్న ఫైళ్ళు పక్కన ఎత్తుగా ఉంటాయి. ఆ పక్కకి నేను చూడను.

డిసెంబరులో యెమెన్ నుంచి ఒక పిల్లాడు వచ్చాడు. పేరు రాయను, పదమూడేళ్ళు. మేకలు కాయడానికి వెళ్ళి మందుపాతర మీద అడుగు వేశాడు. ఒక కాలు మోకాలి కింద పోయింది. రెండో కాలు ఉంది గానీ లోపల ఎముక కుళ్ళింది. సనా విమానాశ్రయంలో 2016 ఆగస్టు నుంచి మామూలు విమానాలు దిగడం లేదు. అందుకని వాళ్ళ నాన్న కొడుకుని వేసుకుని చెక్‌పోస్టులన్నీ దాటుకుంటూ రోడ్డు మీద ఏడెన్ దాకా వచ్చి విమానమెక్కాడు. దెబ్బ తగిలిన దగ్గర నుంచి నాలుగు చోట్ల చూపించాడట. మొదట మేకలు అమ్మాడు, తర్వాత పొలం, తర్వాత భార్య బంగారం. ఎక్కడ డబ్బు అయిపోతే అక్కడ మందు ఆగిపోయింది. మళ్ళీ అప్పు పుట్టినప్పుడు కొత్త డాక్టరు, కొత్త మాత్రలు. ఇలా సగం సగం వాడిన మందులకి చచ్చేవి చచ్చి, లొంగని క్రిములు మిగిలి ఎముకలో ఇల్లు కట్టుకున్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

ఇక్కడేం చేశారో వినండి, మీకు కావాల్సింది ఇదే. జ్వరం లేదు కాబట్టి వాడు వాడుతున్న యాంటిబయాటిక్ ముందు ఆపేశారు. రెండు వారాలు ఏమీ ఇవ్వలేదు. తర్వాత థియేటరులో చచ్చిన ఎముకంతా చెక్కి, లోపలి నుంచి ముక్కలు తీసి ల్యాబుకి పంపారు. పైన కారే చీము దూదితో అద్ది పంపితే తోలు మీది క్రిములే దొరుకుతాయట, అసలు దొంగ లోపలుంటాడు. ఏ మందుకి లొంగుతుందో రిపోర్టు వచ్చాక ఆ మందే, సెలైనులో, ఆరు వారాలు. ఒక్క పూట తప్పకూడదు. వాడి గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ గౌను, గ్లౌజులు వేసుకోవాలి, వచ్చేటప్పుడు తీసేయాలి.

పోయిన వారం దుప్పట్లు మారుస్తుంటే, తండ్రి పడుకునే మంచం మీద దిండు గలీబులో మాత్రలు దొరికాయి. పిల్లాడికి నొప్పికీ నిద్రకీ ఇచ్చినవి, తను దగ్గుకని తెచ్చుకున్నవి, అన్నీ కాగితంలో చుట్టి దాచాడు. నాకు కోపం వచ్చింది. కువైట్ అరబీలో గట్టిగానే అడిగాను. ఆయన తల దించుకుని, "మీరు పంపేసే రోజున చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదమ్మా" అన్నాడు. డబ్బు కట్టలేదు కాబట్టి ఏదో ఒక రోజు పొమ్మంటారని ఆయన లెక్క. అప్పటికి ఆపరేషను అయి మూడు వారాలు. అన్నాళ్ళూ ఆ మనిషి అదే భయంతో పడుకున్నాడు. క్యాలెండరు తెచ్చి, ఆరు వారాలూ ఎప్పటికి పూర్తవుతాయో సున్నా చుట్టి గోడకి అంటించాను. రోజూ ఒక గడి కొట్టేస్తున్నాడు.

ఆ రాత్రి నాకు మన మందుల బీరువా గుర్తొచ్చింది. చిన్నప్పుడు మీతో పడవెక్కి గోదావరి లంకలోకి వచ్చినప్పుడు చూసేదాన్ని. మీరు ఐదు రోజులకి రాస్తే, "రెండు రోజులవి ఇవ్వండి డాక్టరుగారూ, తగ్గకపోతే మళ్ళీ వస్తా" అనేవారు. తగ్గేది కాదు, వాళ్ళు వచ్చేవారూ కాదు, కూలికి వెళ్ళిపోయేవారు. మిగిలిన మూడు రోజులవి అప్పు రాసుకుని ఇచ్చేవారు మీరు. ఆ ఖాతా పుస్తకం వసూలైతే పెంకుటిల్లు డాబా అయ్యేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. 1996 నవంబరు 6 తుపానప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మీరు బ్యాగు తీసుకుని ముమ్మిడివరం వైపు వెళ్ళి మూడు రోజులకి వచ్చారు. రేకులు తెగి పడి కోసుకుపోయినవాళ్ళకి కుట్లు వేసి, టీటీ సూదులు వేసి, ఒక్క రూపాయి తీసుకోలేదు. తర్వాత మందుల షాపు వాడు బాకీకి గుమ్మంలో కూర్చుంటే అమ్మ గొలుసు తాకట్టుకి వెళ్ళింది. ఆ సంగతి మీరెప్పుడూ చెప్పరు, మామ్మ చెప్పింది.

మీరు ఎప్పుడూ లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు చెబుతారు, ఏ వేళకి ఎవరొచ్చినా కులం అడక్కుండా అన్నం పెట్టిన మహాతల్లి అని. నేనూ అదే వింటూ పెరిగాను. కానీ నాన్నగారూ, అన్నం ఒక పూట పెట్టినా ఆ పూట ఆకలి తీరుతుంది. మందు అలా కాదు. సగంలో ఆపిన మందు అసలు వేయనిదానికన్నా చెడ్డ. మీ జేబులోంచి మీరెన్ని పూటలు వేయగలరు?

ఇప్పుడు దింపు మావయ్య సంగతి. చెట్టు మీద నుంచి పడ్డప్పుడు పట్నంలో ప్రైవేటు ఆసుపత్రిలో రాడ్డు వేశారు. పది సెంట్ల దొడ్డి అమ్మి కట్టాడు. చీము పట్టాక మళ్ళీ రమ్మన్నారు గానీ చేతిలో డబ్బు లేక వెళ్ళలేదు. అప్పటి నుంచి మీరున్నారు. మీరు లేకపోతే ఆ కాలు ఎప్పుడో పోయేది, అందులో నాకు అనుమానం లేదు. కానీ తమ్ముడు పంపిన ఫోటోలో జెంటామైసిన్ సీసాలు చూశాను. నాలుగు రోజులు వేసి, ఎండగానే ఆపి, కారగానే మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఆ యెమెన్ పిల్లాడి కాలికి జరిగిందే ఇది. పైగా ఆ మందు కిడ్నీలకీ చెవులకీ మంచిది కాదు, ఆయనకి షుగరు కూడా ఉంది. కోప్పడకండి. ఇన్నేళ్ళూ మీకున్న దారి అదొక్కటే అని నాకు తెలుసు.

కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఎముకల ఓపీ పొద్దున్నే, చీటీకి లైను ఉంటుంది, ముందు రోజే వెళ్ళి అక్కడ పడుకుంటే నయం. తెల్ల కార్డు, ఆధారు, పాత ఆసుపత్రి కాగితాలు అన్నీ పట్టుకెళ్ళండి. అక్కడి డాక్టరుకి మీరు ఇంతవరకు ఏ సూదులు, ఎన్ని రోజులు వేశారో దాచకుండా చెప్పండి. మీకది కష్టం, తెలుసు. "డిగ్రీ లేని ఆరెంపీ గారా" అని ఒక నవ్వు నవ్వుతారు. నవ్వనివ్వండి. రాడ్డు తీయాలో వద్దో వాళ్ళు చూస్తారు. ఎముక ముక్కకి కల్చర్ (లోపల ఏ క్రిమి ఉందో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) చేయించమని మీరు అడగండి. ఈలోపు జ్వరం గానీ వణుకు గానీ వస్తే ఆగకుండా 108కి ఫోను చేయండి. రాకపోతే మాత్రం కట్టు మార్చడమొక్కటే, సూది వద్దు.

ఆరు వారాలు ఆయన పనిలోకి వెళ్ళకపోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని అత్త అడుగుతుంది. తమ్ముడికి పదిహేను వేలు పంపాను. ఆయన చేతికి ఇవ్వొద్దు, తీసుకోడు. బియ్యం, పప్పు అత్తకి కొనివ్వమనండి. అప్పు అంటే మీ పుస్తకంలో రాసుకోండి.

ఎక్స్‌రేలు ఎండకి అడ్డంగా పట్టుకుని ఫోటో తీయమనండి తమ్ముడిని. మంచం మీద పరిచి తీస్తే ఏమీ కనపడటం లేదు.

మామ్మకి దండాలు.

మీ అమ్మాయి

తా.క. అమ్మ పంపిన ఆత్రేయపురం పూతరేకులు దారిలో సగం పొడి అయ్యాయి. మిగిలినవి వార్డులో పంచాను. ఆ పిల్లాడు కాగితం అనుకుని పైపొర విప్పుతూనే ఉన్నాడు, ఎంత విప్పినా కాగితమే వస్తోందని వాళ్ళ నాన్నకి చూపించాడు. ఈసారి బెల్లంవి పంపండి, డబ్బాలో కూతంత దూది పెట్టి.