మా షావుకారుగారికి సంతాపం

గుంటూరు,
బుధవారం మధ్యాహ్నం, కొట్లోంచి

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు. తప్పే, తిట్టుకో. సీజన్‌లో మిర్చి యార్డులో తుమ్మడానికి తప్ప దేనికీ తీరిక ఉండదని నీకు తెలుసు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. చిన్నది పదో తరగతి పరీక్షలు రాసేసింది. బ్రాడీపేటలో అదే అద్దె వాటా, అదే నీళ్ల గొడవ. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి చెప్పకపోతే నా కడుపు పగిలిపోతుంది. నిక్షేపంలా ఉన్న మా షావుకారుగారిని నేను ఇంగ్లీషులో చంపేశాను.

ఇంగ్లండ్‌లో మసాలాలు కొనే కంపెనీ ఒకటి తేజ రకం మిర్చికి ధర అడుగుతూ, మీ వ్యాపారం గురించి నాలుగు ముక్కలు రాయమంది. కొట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనే, నువ్వు ఊళ్లో లేవు కాబట్టి. ‘మా షావుకారుగారు ముప్ఫై ఏళ్ల నుంచి మిర్చి వ్యాపారం చేస్తున్నారు’ అని మనసులో అనుకుని, ‘ఈజ్ డూయింగ్ సిన్స్ థర్టీ ఇయర్స్’ అని కొట్టాను. చిన్నది భుజం మీంచి చూసి పకపకా నవ్వింది. ‘అది తప్పు నాన్నా’ అంది. ఏది ఒప్పో చెప్పిందా? లేదు, ఫోను పట్టుకుని మేడెక్కేసింది. ఎందుకొచ్చిన టెన్షన్ అని మొత్తం భూతకాలంలోకి మార్చేశాను. ‘అవర్ ప్రొప్రైటర్ డిడ్ చిల్లీ బిజినెస్ ఫర్ థర్టీ ఇయర్స్. హి న్యూ ఎవ్రీ ఫార్మర్. హి వజ్ ఎ వెరీ హానెస్ట్ మ్యాన్.’ ఒక్క స్పెల్లింగు తప్పు లేదు, ఒట్టు.

మర్నాడు జవాబొచ్చింది. షావుకారుగారు కాటా పక్కన కుర్చీలో కూర్చుని, తాలు కాయలు ఏరుతూ ‘చదవరా’ అన్నారు. చదివాను. మీ ప్రొప్రైటర్ గురించి విని చాలా బాధపడ్డాం, కుటుంబానికి మా సానుభూతి, ‘హూ హ్యాజ్ టేకెన్ ఓవర్ ది బిజినెస్?’ అని ఉంది.

‘ఏమంటున్నాడు?’

‘మీరు పోయారని బాధపడుతున్నాడండీ.’

హమాలీలు కూడా టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, దించడం ఆపేశారు. ఆయన చేతిలో కాయని అటూ ఇటూ తిప్పి, ‘సరుకు కొంటాడా, కొనడా?’ అన్నారు. అంతే. కానీ సంగతి ఇంటికి చేరింది. సాయంత్రానికి అమ్మగారు గుమ్మడికాయతో దిష్టి తీయించారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే కొట్లోకి వస్తూనే ‘ఏరా, ఇవాళ ఉన్నానా?’ అని అడుగుతున్నారు. నాకు ‘రెండో ఇడ్లీ’ అని పేరు పడ్డాక నేనింత నవ్వులపాలు కావడం ఇదే.

ఆ రాత్రి పై వాటాలో ఉండే రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఉత్తరం చదివి ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వారు. తర్వాత ఒక్క ప్రశ్న వేశారు: ‘ముప్ఫై ఏళ్లు చేశారు, ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నారు. తేడా ఏమిటి?’ మొదటిది అయిపోయింది, రెండోది ఇంకా నడుస్తోంది అన్నాను. ‘మరి తెలుగులో తెలిసినవాడివి ఇంగ్లీషులో ఎందుకు చంపావు?’ అన్నారు. మనం ‘గా’ పెట్టి ‘చేస్తున్నారు’ అంటాం, వాళ్లు హ్యావో హ్యాజో పెట్టి మూడో రూపం వేస్తారు. ‘హి హ్యాజ్ బీన్ ఇన్ ది చిల్లీ బిజినెస్ ఫర్ థర్టీ ఇయర్స్.’ అప్పుడు మొదలైంది, ఇప్పటికీ తెగలేదు. అంతేనట! మన తాటాకు సార్ బెత్తంతో తాళం వేస్తూ గో, వెంట్, గాన్ అని వల్లె వేయించారు కదా, ఆ ‘గాన్’ దేనికో ఒక్కరోజు చెప్పి ఉంటే... పోనీలే, పాపం.

సిన్స్ దగ్గర మనం బోల్తా పడేది కూడా తెలుగు వల్లేనట. మనం 2014 నుంచి అంటాం, పదేళ్ల నుంచి కూడా అంటాం. రెంటికీ ‘నుంచి’ ఒకటే. వాళ్లకి మొదలైన చోటు చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్. సిన్స్ 2014, ఫర్ టెన్ ఇయర్స్.

ఇంకోటి విను, ఇది నీకు నచ్చుతుంది. ‘మా ఆవిడ విజయవాడ వెళ్లింది’ అంటే ఇంట్లో లేదు, హ్యాజ్ గాన్. ‘వెళ్లొచ్చింది’ అంటే వంటింట్లోనే ఉంది, హ్యాజ్ బీన్. ‘వచ్చింది’ అనే చిన్న తోకలో మనం దాచింది వాళ్లు ‘బీన్’లో దాచారు. నాకు ఒళ్లు జలదరించింది, నిజంగా. నలభై ఆరేళ్లొచ్చాక వ్యాకరణానికి ఒళ్లు జలదరించడమేమిటో!

అలా ఊపు మీద ఉండి, శాంపిళ్ల గురించి రాసినది కూడా చూపించాను: ‘వుయ్ హ్యావ్ సెంట్ ది శాంపిల్స్ యెస్టర్‌డే.’ మాస్టారు ‘యెస్టర్‌డే’ కింద గోటితో గీత గీశారు. నిన్న అని రోజు చెప్పేశాక అది నిన్నటితోనే ముగిసింది, హ్యావ్ కుదరదు, ‘వుయ్ సెంట్’ చాలు. ఎప్పుడో చెప్పకుండా పంపాం అంటే మాత్రం హ్యావ్ పెట్టుకోవచ్చు. జస్ట్, ఆల్రెడీ ఉన్నచోట అమెరికావాళ్లు మామూలు భూతకాలంతో సరిపెట్టేస్తుంటారట, మన కొనుగోలుదారు ఇంగ్లీషాయన కాబట్టి ఆ వేషాలొద్దన్నారు.

‘సరే, నువ్వొక వాక్యం చెప్పు’ అన్నారు చివర్లో. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది: ‘మై ఫాదర్ హ్యాజ్ వర్క్‌డ్ ఇన్ ది యార్డ్ ఫర్ థర్టీ ఇయర్స్.’ మాస్టారికి నాన్న తెలుసు. కాసేపు ఆగి, ‘వర్క్‌డ్. హ్యాజ్ అక్కర్లేదురా’ అన్నారు. మెట్లు దిగి వచ్చేశాను. నువ్వు ఆ రోజు శ్మశానం దగ్గర నా చెప్పులు పట్టుకుని నిలబడ్డావు చూడు, అదే ఎందుకో... సరే వదిలేయ్.

ఇంగ్లండ్‌కి మళ్లీ రాశాను. మొదటి వాక్యం: ‘అవర్ ప్రొప్రైటర్ ఈజ్ అలైవ్.’ ఇంతవరకూ జవాబు లేదు. హి హ్యాజ్ నాట్ రిప్లైడ్ యెట్. చూశావా, ఎలా పడిందో! ‘ఇంకా’ అంటే ‘యెట్’, రేపో మాపో రావచ్చన్న ఆశ అందులో

కోల్డ్ స్టోరేజీకి వెళ్లాల్సిన లారీ వచ్చింది. షావుకారుగారు ‘ఏరా, నువ్వున్నావా?’ అని నన్ను కేకేస్తున్నారు. నలభై టిక్కీలు లెక్కపెట్టాలి. చెల్లాయినీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఆ సైకిల్ గొలుసు విషయం

నీ,
రెండో ఇడ్లీ