ఎమిరేట్స్ ఐడీ, నివాస వీసా విషయమై సభ్యులకు మనవి

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. యూఏఈలో 2022 ఏప్రిల్ నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు అంటించడం ఆపేశారు కాబట్టి, ఇప్పుడు మన నివాసానికి రుజువు ఎమిరేట్స్ ఐడీ కార్డే. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు స్టిక్కరు లేదని కంగారు పడవద్దు. కార్డు మీద 784తో మొదలయ్యే 15 అంకెల నంబరు ఉంటుంది. 784 తర్వాతి నాలుగు అంకెలు మీరు పుట్టిన సంవత్సరం. అది, పేరు స్పెల్లింగుతో సహా, పాస్‌పోర్టుతో సరిపోయిందో లేదో కార్డు చేతికందిన రోజే చూసుకోండి.

గడువు తీరిన 30 రోజుల్లోగా కార్డు రెన్యువల్ కాకపోతే రోజుకు 20 దిర్హాముల చొప్పున, గరిష్ఠంగా 1000 దిర్హాముల వరకు జరిమానా పడుతుంది. వీసా లేకుండా ఉండిపోతే పడే రోజుకు 50 దిర్హాముల జరిమానా దీనికి వేరు. అందుకే కంపెనీలో వీసా, కార్డు కాగితాల పని చూసే పీఆర్వో చూసుకుంటాడులే అని ఊరుకోకుండా, గడువు తేదీని మీరే ఫోన్‌లో రిమైండరుగా పెట్టుకోవాలని గట్టిగా చెబుతున్నాను. ఊరికి వెళ్లినవారు ఆరు నెలలకు మించి అక్కడే ఉండిపోతే మామూలు ఉద్యోగ వీసా చెల్లకుండా పోతుంది. మీ పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు, మర్యాదగా అడిగి తీసుకోండి.