కేబుల్ పోతే సెట్ మొత్తం పారేయాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కొన్న వస్తువుని బాగుచేయించుకునే వీలుండాలనే రిపేరు హక్కు గురించి మాట్లాడేవాళ్లంతా ఫోన్లు, ఫ్రిజ్‌లు, టీవీల దగ్గరే ఆగిపోతున్నారు. వాటి వెంట వచ్చే కేబుళ్ల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఒక్క వైరు దొరక్క, బాగా పనిచేసే పరికరాలు అటకెక్కుతున్నాయి.

మా అబ్బాయి దగ్గర విమానం నడిపే ఆటల కోసం కొన్న పాత జాయ్‌స్టిక్ సెట్ ఉంది. కుడిచేతికి స్టిక్, ఎడమచేతికి థ్రాటిల్ అనే ఇంజన్ జోరు పెంచే, తగ్గించే మీట. అద్దె ఇల్లు మారిన హడావిడిలో ఆ రెండింటినీ కలిపే కేబుల్ పోయింది. స్టిక్ బాగుంది, థ్రాటిల్ బాగుంది. మధ్యలో ఆ మూరెడు వైరు లేదు కాబట్టి స్టిక్ ఎంత కదిపినా కంప్యూటర్‌కి తెలియదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆపేశామండీ, కేబుల్ విడిగా అమ్మం, కొత్త సెట్ తీసుకోండి అన్నారు. వేలు పోసి కొన్న వస్తువు గురించి ఇంత తేలిగ్గా ఎలా చెప్పగలరు?

మన విశాఖలో డాబాగార్డెన్స్, ద్వారకానగర్ షాపుల్లో అడిగి చూశాం. సాకెట్టు చూస్తే పాత కీబోర్డులకు, మౌస్‌లకు ఉండే గుండ్రటి ఆరు పిన్నుల పీఎస్/2 సాకెట్టే. దాంతో షాపులవాళ్లు కీబోర్డు ఎక్స్‌టెన్షన్ వైరు తీసి చేతిలో పెడతారు. దానికి ఒక కొసన పిన్నులు, రెండో కొసన రంధ్రాలు. మాకు రెండు కొసలా పిన్నులే కావాలి. అసలు చిక్కు అది కూడా కాదు. ఒక రిపేరు షాపు కుర్రాడు మల్టీమీటర్ తీసి ఆ వైరుని ఒక్కో పిన్నూ పట్టి చూశాడు. నాలుగింటి దగ్గర బీప్ వచ్చింది, రెండింటి దగ్గర రాలేదు. "కీబోర్డుకి నాలుగు వైర్లు చాలండీ. డేటా, క్లాక్, ఐదు వోల్టులు, గ్రౌండు. మిగతా రెండు పిన్నులు ఖాళీయే. మీదానికి ఆరూ వాడారేమో. ఏ పిన్నులో ఏముందో తెలీకుండా వైరు కట్టి ఇస్తే, ఐదు వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లి బోర్డు పోతుందండీ. పిన్నుల వివరం ఉంటే మాత్రం ఇప్పుడే సోల్డరింగ్ చేసి ఇచ్చేస్తాను" అన్నాడు. ఆ వివరం మాన్యువల్‌లో లేదు, కంపెనీ వాళ్లూ చెప్పలేదు.

అంతకు ముందు తరం జాయ్‌స్టిక్‌లకు ఈ బాధ లేదు. 1981లో ఐబీఎం పీసీతో పాటు వచ్చిన, జాయ్‌స్టిక్ తగిలించే గేమ్ పోర్టుకి 15 పిన్నులు. ఏది దేనికో ఐబీఎం తన టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్‌లో సర్క్యూట్‌తో సహా అచ్చువేసింది. అందుకే నలభై ఏళ్ల నాటి స్టిక్‌కి కూడా, పని తెలిసిన మెకానిక్ ఈరోజు కొత్త వైరు కట్టగలడు. ఆ తర్వాత వచ్చిన కంపెనీలు లోపలి కనెక్షన్లను ఎవరికి వారు తమ పద్ధతిలో పెట్టుకుని, ఆ వివరం బయటికి రానివ్వలేదు. పైగా ఈ కంపెనీలు చేతులు మారుతుంటాయి. జాయ్‌స్టిక్‌లకు పేరుపడ్డ సైటెక్‌ని 2007లో మ్యాడ్ క్యాట్జ్ కొన్నది, 2016లో అది లాజిటెక్ చేతికి వచ్చింది. ఇలా యజమానులు మారుతూ పోతే పాత మోడల్ వైరు కోసం కొనుక్కున్నవాడు ఎవరిని అడగాలి?

మనది సముద్రం ఒడ్డు ఊరు. కేబుల్ పోకుండా భద్రంగా దాచుకున్నా ఉప్పుగాలికి పిన్నులు పచ్చగా చిలుము పట్టిపోతాయి. కాబట్టి ఈ అవసరం వైరు పోగొట్టుకున్నవాళ్లకే పరిమితం కాదు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కుపై కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెచ్చింది. మంచి పనే. వ్యవసాయ పరికరాలు, మొబైల్–ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు ఆ కమిటీ ఎంచుకున్న రంగాలు. పరికరంలోని రెండు భాగాలను కలిపే కేబుల్‌ని కూడా విడిభాగంగానే లెక్కించాలి. మోడల్ ఆపేసినా కొన్నేళ్లు దాన్ని విడిగా అమ్మాలి. అమ్మడం ఇష్టం లేని కంపెనీ పిన్నుల వివరాన్ని మాన్యువల్‌లో అచ్చువేయాలి. ఒక్క పేజీ పని అది, వ్యాపార రహస్యమేమీ కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ–వ్యర్థాల నియమాలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. పనిచేసే వస్తువుని ముక్కలు చేసి రీసైక్లింగ్ అంటే ఏం లాభం?

ఆటవస్తువు కోసం ఇంత గొడవా అని కొందరు అనవచ్చు. నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నుంచి నేవీ హెలికాప్టర్లు లేస్తుంటే మేడెక్కి చూసే పిల్లలున్న ఊరు ఇది. థ్రాటిల్ ఏం చేస్తుందో, విమానం తోక దగ్గరి రడ్డర్ ఏం చేస్తుందో మా వాడు నేర్చుకున్నది ఆ స్టిక్ పట్టుకునే.

ఢిల్లీలో నిర్ణయం అయ్యేలోపు ఇక్కడ చేయగలిగింది ఉంది. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ సేకరించే ఈ–వ్యర్థాల్లో కేబుళ్లను, కనెక్టర్లను విడిగా తీయించి, కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌కి ఇవ్వాలి. అక్కడి ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు వాటిని పరీక్షించి, ఏది దేనికి పనికొస్తుందో చీటీ రాసి కడితే, అవసరమైనవాళ్లు నామమాత్రపు ధరకు కొనుక్కుంటారు. పిల్లలకు చేతిపనీ వస్తుంది. ఈ సూచనను కమిషనర్ గారి దృష్టికి తీసుకెళ్లాలని మీ పత్రికను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం