బ్రెయిలీ డిస్‌ప్లే తీసుకున్న మీ అందరికీ: నేను సగమే నేర్పాను

మా దగ్గర బ్రెయిలీ డిస్‌ప్లే కొన్నవారికి, శిక్షణకు వచ్చినవారికి ఒక విషయం నేరుగా చెప్పాలి. ఇన్నాళ్లూ దాన్ని వేళ్లతో చదువుకునే యంత్రంగానే మీ చేతికిచ్చాను. టైపింగ్‌కి మాత్రం పక్కన మామూలు కీబోర్డ్ పెట్టుకోమన్నాను. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, "సార్, చెయ్యి తీసి కీబోర్డ్ మీద పెట్టి మళ్లీ వచ్చేసరికి చదివే చోటు పోతోంది" అంది. అప్పుడు గానీ నేను కూర్చుని డిస్‌ప్లే మీదున్న చుక్కల కీలను (ఒక్కో బ్రెయిలీ చుక్కకు ఒక్కో కీ, 1 నుంచి 8 వరకు) పూర్తిగా పరీక్షించలేదు. అమ్మకముందే చెయ్యాల్సిన పని అది.

స్క్రీన్ రీడర్‌కి, అంటే తెర మీదున్నది చదివి వినిపించే, బ్రెయిలీలో చూపించే సాఫ్ట్‌వేర్‌కి, ఆ కీలు కూడా కీబోర్డే. ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్‌లో చుక్కలు కలిపి నొక్కితే అక్షరం పడుతుంది, 7వ చుక్క నొక్కితే చెరుగుతుంది, 8వ చుక్క నొక్కితే ఎంటర్. హెచ్‌ఐడి అనే ఉమ్మడి ప్రమాణం పాటించే డిస్‌ప్లేలో స్పేస్‌తో 1 పై బాణం, స్పేస్‌తో 4 కింది బాణం. స్పేస్‌తో 4, 6 కలిపితే ట్యాబ్, స్పేస్‌తో 1, 5 కలిపితే ఎస్కేప్. మిగతా డిస్‌ప్లేల్లో ఇవి మారతాయి. జాస్ అనే మరో స్క్రీన్ రీడర్‌లో కమాండ్లు వేరు. మీ దాంట్లో ఏ కీ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మామూలు కీబోర్డ్ మీద ఎన్‌విడిఎ కీతో (మామూలుగా ఇన్సర్ట్) 1 నొక్కి, తర్వాత డిస్‌ప్లే కీలు ఒక్కొక్కటీ నొక్కండి, అదే చెబుతుంది. మళ్లీ ఎన్‌విడిఎ కీతో 1 నొక్కితే మామూలుగా అవుతుంది. బ్రెయిలీ స్లేటు మీద కాగితాన్ని కుడి నుంచి ఎడమకు పొడిచి నేర్చుకున్నవారు కంగారు పడకండి. ఇక్కడ తిరగేసి రాయక్కర్లేదు, చదివేటప్పుడు చుక్క ఎటుంటుందో కీ కూడా అటే.

ఇంకో పొరపాటు కూడా జరిగింది. ముగ్గురికి చేసిన సెట్టింగ్‌లో చదివే టేబుల్ (చుక్కలకు, అక్షరాలకు లంకె పెట్టే పట్టిక) తెలుగు పెట్టి, రాసే టేబుల్‌ని కుదించిన ఇంగ్లిష్‌లోనే, అంటే ఒక్క అక్షరమే మొత్తం పదానికి నిలిచే పద్ధతిలోనే, వదిలేశాను. వాళ్లు బి కొట్టి స్పేస్ నొక్కితే 'బట్' అని పడింది, సి కొడితే 'కెన్'. యంత్రం పాడైందని వాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో విన్నాక చాలా బాధేసింది. యంత్రానికేం కాలేదు. ఆ ముగ్గురికీ ఫోన్‌లోనే సరిచేశాను.

తెలుగు రాతలో మాత్రం జాగ్రత్తగా మాట ఇస్తున్నాను. 'అమ్మ' అని బ్రెయిలీలో రాయాలంటే 1, తర్వాత పొల్లుకి 4, ఆపై 1-3-4 రెండుసార్లు. అంటే మన భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో పొల్లు హల్లుకు ముందు వస్తుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో హల్లు తర్వాత వస్తుంది. ఆ వరస మార్చే పని టేబుల్‌ది, ఒత్తులు తప్పిపోయే అవకాశం అక్కడే. అందుకే ఇకనుంచి మీ యంత్రంలో, మీరు వాడే వెర్షన్‌లో ఒత్తుల పదాలు నేనే కొట్టి చూశాకే ఇస్తాను. సరిగా పడకపోతే పెద్ద తెలుగు వ్యాసాలకు మామూలు కీబోర్డే వాడమని చెబుతాను. ఇంగ్లిష్ మెయిళ్లు, మెనూలు, వెబ్ పేజీల్లో తిరగడం లాంటివాటికి చుక్కల కీలు చాలు. కంట్రోల్, ఆల్ట్‌తో మూడేసి కీలు కలపాల్సిన షార్ట్‌కట్‌లు ఎక్కువ వాడేవారు కీబోర్డ్‌ని దూరం పెట్టకండి.

లాగిన్ తెర దగ్గర డిస్‌ప్లే మాట వినడం లేదని ఇద్దరు చెప్పారు. మీ సెట్టింగ్‌లు ఆ తెరకు వాటంతట అవే వెళ్లవు. ఎన్‌విడిఎ సెట్టింగ్స్‌లో జనరల్ విభాగంలో, సేవ్ చేసిన సెట్టింగ్‌లను సైన్ ఇన్ తెరకు కూడా వాడమనే బటన్ ఉంది. అది నేను నొక్కి ఇవ్వాల్సింది.

మా దగ్గర డిస్‌ప్లే తీసుకున్న ఎవరికైనా ఈ సెట్టింగ్, రెండు గంటల శిక్షణ ఉచితం. ఊరు దాటి రాలేనివారికి సాయంత్రం ఆరు తర్వాత ఫోన్‌లో చేస్తాను. డిస్‌ప్లేతో పాటు మీరు రోజూ వాడే కంప్యూటరే తెచ్చుకోండి, మా షాపు కంప్యూటర్ మీద నేర్చుకుంటే ఇంటికెళ్లాక సెట్టింగ్‌లు మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాల్సి వస్తుంది.