వాగు కలిసే చోట: మత్స్య సహకార సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాం. పుస్తకం సంఘం ఆఫీసులో ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఈసారి ముఖ్యంగా చెప్పాల్సింది వేరే ఉంది. మన చెరువులో తనంతట తాను పుట్టే చేప తగ్గిపోతోంది.

బొచ్చె, రోహు, మ్రిగాల మనం వదిలే విత్తనం. అవి పారే నదిలో వరదకే గుడ్లు పెడతాయి, నిలిచిన నీళ్ళలో పెట్టవు. 2016లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పథకం వీటి కోసమే. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్ళుండే చోటికి 80-100 మిల్లీమీటర్లవి. ఈ ఏడాది పిల్లల బండి ఆలస్యంగా వచ్చింది, దారిలోనే చాలా పిల్లలు చచ్చాయి. ఇకమీదట లెక్కపెట్టి, బతికినవి చూసుకున్నాకే సంతకం పెట్టాలని తీర్మానించాం.

కొర్రమీను, వాలుగ, జెల్ల, పరకల విత్తనం మనకెవరూ ఇవ్వరు. ఎండాకాలమంతా అవి తూము దగ్గరి మడుగులో ప్రాణాలు కాపాడుకుంటాయి. తొలి వానకు ఎర్రనీళ్ళు దిగగానే వాగు చెరువులో కలిసే చోటికి గుంపుగా వచ్చి, పారే నీటికి ఎదురెక్కుతాయి. శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే అంచు భూమిలో, మునిగిన గడ్డిలో గుడ్లు పెడతాయి. మనం కూడా సరిగ్గా అక్కడే, అప్పుడే వలలు కడుతున్నాం. నిరుడు ఆ రాత్రి పట్టిన ఒక వాలుగను కోస్తే కడుపంతా గుడ్లే. ఇంత చేప దొరికిందని సంతోషపడ్డ మనమే, దసరా తర్వాత వల ఖాళీగా లేస్తే చెరువును తిట్టుకున్నాం.

కొర్రమీను సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. పిల్లలు ఎర్రగా, ముద్దకట్టి నీటిపైన తిరుగుతుంటాయి. తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి, గాలి పీల్చడానికి పైకి వస్తాయి. పిల్లల్ని చూసి గాలం వేస్తే పెద్దది దొరుకుతుంది. కాపలా పోయాక ఆ ముద్ద చెదిరి, దొరికినదానికల్లా మేత అవుతుంది. కొర్రమీను మన రాష్ట్ర చేప.

మిరుగు (మృగశిర కార్తె) నాడు చేప తినాలన్నది మన ఆచారం, ఆ రోజు ధర కూడా బాగుంటుంది. దాన్ని ఎవరూ మానుకోనక్కర లేదు. ఆ రోజుకు లోతు నీళ్ళలోని బొచ్చె, రోహు పట్టి అమ్ముదాం. మృగశిర నుంచి రెండు నెలలు వాగు మూతిలో వల, గాలం, దోమతెర ఏదీ వేయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. యువకులు కొందరు అప్పులు గుర్తుచేసి వ్యతిరేకించారు. వాళ్ళ కష్టం నిజమే. అందుకే మిరుగు అమ్మకంలో వచ్చిన డబ్బును ముందుగా, వాగు మూతిలోనే పట్టుకుని బతికే ఇళ్ళకు పంచాలని కూడా రాసుకున్నాం.

వాగు మీది చెక్‌డ్యామ్ దగ్గర చేప ఎగిరి గోడకు తగిలి వెనక్కి పడుతోంది. పక్కన రాళ్ళు పేర్చి వాలుగా దారి చేయాలని అర్జీ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు.

తొలి వానకు రాత్రి కాపలా వంతుల కాగితం ఆఫీసు గోడకు అంటించాం. ఇంటికొకరు పేరు రాయించండి.