జవాబు ఎలా మొదలుపెట్టాలి?

తల్లిదండ్రులకు నమస్కారం.

పెద్ద తరగతుల పిల్లలు విదేశీ చదువులకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్‌కి, అంటే మాట్లాడే భాగానికి తయారవుతున్నారు కదా, పోయిన వారం మాక్ (సాధన) ఇంటర్వ్యూల్లో నేనూ కూర్చున్నాను. వంట చేయడం ఇష్టమా అని ఒక అమ్మాయిని ఇంగ్లిష్‌లో అడిగాను. "దట్స్ ఎ వెరీ ఇంటరెస్టింగ్ క్వశ్చన్. ఐ వుడ్ లైక్ టు సే దట్..." అంటూ మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. చేతిలో పెన్ను తిప్పుతూ తర్వాతి ముక్క కోసం వెతుక్కుంది. తర్వాత వచ్చిన పిల్లల్లో చాలామంది నోట అదే వాక్యం!

బెల్ కొట్టాక ఆ అమ్మాయి వరండాలో కనిపిస్తే అదే ప్రశ్న తెలుగులో వేశాను. "ఏమో మేడమ్, ఇష్టమే గానీ, గిన్నెలు కడగాలంటేనే బద్ధకం" అంది. ఎంత చక్కటి జవాబు! "వెల్, ఐ డూ, బట్ ఐ హేట్ వాషింగ్ అప్" అంటే ఇంగ్లిష్‌లోనూ సరిగ్గా అదే. మన "ఏమో", "అంటే" చేసే పనే అక్కడ "వెల్", "యాక్చువల్లీ" చేస్తాయి. అవీ అవసరమైన చోటే. ప్రతి జవాబుకీ ముందు తగిలిస్తే మళ్లీ బట్టీ పట్టినట్టే ఉంటుంది.

ఈ స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగంలో ఇల్లు, చదువు, ఇష్టాల గురించి అడుగుతారు. దానికి ఆలోచించాల్సిందేమీ లేదు, నేరుగా జవాబులోకి వెళ్లిపోవాలి. రెండో భాగంలో మాట్లాడాల్సిన విషయం రాసిన కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు. కార్డు మీది వాక్యాన్నే తిరిగి చదవకుండా, చెప్పదలచుకున్న మనిషి పేరుతోనో చోటుతోనో మొదలుపెడితే చాలు. మూడో భాగంలో మాత్రం ప్రశ్నలు నిజంగానే బరువైనవి. అక్కడ "ఐ హావెంట్ రియల్లీ థాట్ అబౌట్ దట్" (దాని గురించి నేను అంతగా ఆలోచించలేదు) అని ఒక్క క్షణం ఆగితే తప్పు లేదు, ఎందుకంటే అది నిజం.

ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమానంగా మార్కులు ఉంటాయి. గంభీరమైన ఆరంభ వాక్యానికంటూ విడిగా ఏమీ రాదు. బట్టీ పట్టిన జవాబును గుర్తుపట్టడం ఎగ్జామినర్లకు అలవాటే. పైగా అలాంటి వాక్యం అయిపోగానే పిల్లల గొంతు మారిపోతుంది, టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

అందుకే "ఆరంభ వాక్యాలు" అంటూ దొరికే జాబితాలు దయచేసి కొనివ్వకండి. రోజూ ఒక పది నిమిషాలు మీరే ప్రశ్నలు వేయండి. ముందు తెలుగులో అడగండి, అదే జవాబు ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మధ్యలో తప్పులు దిద్దొద్దు, ఆ పని మా టీచర్లు చూసుకుంటారు. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఏం ఫర్వాలేదు. మీ బిడ్డ మీతో మాట్లాడుతున్నట్టుందా, అప్పజెబుతున్నట్టుందా అన్నది గొంతును బట్టి మీకు తెలిసినంతగా మాకు తెలియదు.

వచ్చే వారం మళ్లీ మాక్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. ఆ అమ్మాయిని ఈసారి కూడా నేనే పిలుస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు